ఊరి పాడి, ఊరి కోడి

(భోగాపురములో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపు పాఠము)



ఈ ఉదయము మేము విశాఖపట్టణము నుండి జాతీయ రహదారి మీదుగా వచ్చుచు, దారిలో ఒక హోటలు వద్ద ఫలహారమునకు ఆగితిమి. అప్పుడే ఒక వ్యాను నుండి గ్రుడ్ల అట్టలు దించుచున్నారు. ఎక్కడి గ్రుడ్లని అడుగగా గోదావరి జిల్లాలవని వ్యాను నడుపు కుర్రవాడు చెప్పెను. హోటలు వెనుక పెంటకుప్ప మీద అయిదారు నాటు పెట్టలు మట్టి గీరి పురుగు లేరుకొని తినుచున్నవి. పది బారల దూరమున పెట్ట ఉండగా గ్రుడ్డు మాత్రము వందల కిలోమీటర్ల నుండి రావలసి వచ్చినదేమని హోటలు యజమానిని అడిగితిమి. అతడు నవ్వి, "రోజూ నాలుగట్టలు కావాలి. ఊర్లో ఎవులిస్తారు బాబూ? ఇచ్చీవోళ్ళుంటే నాను కొనుక్కోనా?" అనెను. ఆ మాటకు మా యొద్ద తక్షణము జవాబు లేకపోయెను. దారి పొడవున దానినే ఆలోచించుచు వచ్చితిమి. సిద్ధపరచుకొన్న ఉపన్యాసమును ప్రక్కనుంచి ఆ ప్రశ్న గురించియే మీతో మాటలాడదలచితిమి.

మన రాష్ట్రమునకు గ్రుడ్ల కరవున్నదని ఎవరును అనజాలరు. కేంద్ర ప్రభుత్వపు లెక్కల ప్రకారము 2023-24లో దేశమున ఉత్పత్తియైన గ్రుడ్లలో నూటికి 17.85 వంతులు ఆంధ్రప్రదేశ్‌వే. ఈ విషయమున మనదే ప్రథమ స్థానము. ఆ సంవత్సరము దేశములో మనిషికి సగటున 103 గ్రుడ్లు, దినమునకు 471 గ్రాముల పాలు లభ్యమైనవి. మనిషికి ఏడాదికి 180 గ్రుడ్లయినను ఉండవలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచన. సగటు లెక్క కాగితము మీద అందరికిని సమానముగనే పంచును. మన ఊరి అంగనవాడి పిల్లవాని కంచములోనికి ఎంత వచ్చినదో అది చెప్పదు.

గోదావరి జిల్లాల గ్రుడ్డులో దోషమున్నదని మేము చెప్పుటలేదు. అక్కడి రైతులు ఆ పరిశ్రమను ఎంతో శ్రమపడి నిలబెట్టినారు. కాని ఒకే ప్రాంతము మీద ఆధారపడినచో ఏమగునో 2025 ఫిబ్రవరిలో చూచితిమి. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని కొన్ని ఫారములలో బర్డ్ ఫ్లూ సోకినట్లు భోపాలులోని పరీక్షాశాల నిర్ధారించగా, ఆ ఫారములకు ఎంతో దూరమున ఉన్నవారు కూడ కోడిమాంసము కొనుటకు జంకిరి. పెరటి కోడికి ఆ వ్యాధి రాదని మేము అనము, దానికిని వచ్చును. కాని ఒక కప్పు క్రింద వేలకొలది పక్షులు ఉన్నచోట కలుగు నష్టము వేరు, ఊరంతట అయిదేసి, పదేసి చొప్పున చెదరియున్న పక్షులకు కలుగు నష్టము వేరు.

ఇక లెక్కకు వత్తము. అయిదు వందల ఇండ్లున్న గ్రామమును తీసికొనుడు. ఇంటికి వారమునకు 5 గ్రుడ్లు చాలుననుకొన్నను సంవత్సరమునకు 1,30,000 గ్రుడ్లు కావలెను. నాటు పెట్ట మూడు నాలుగు విడతలుగా ఏడాదికి 50, 60 గ్రుడ్ల కంటె పెట్టదు. అనగా సుమారు 2,400 పెట్టలు, ఇంటికి అయిదు. ఇది మన అమ్మమ్మల కాలమున వింతయగు సంఖ్య కాదు. నేడును అనేక గృహములలో అయిదు పెట్టలు ఉన్నవి. ఐనను గ్రుడ్లు చేతికి రాకున్నవి. ఏలయనగా పెట్టిన వానిలో అధిక భాగమును పొదుగవేయవలసి వచ్చుచున్నది. పొదిగిన పిల్లలలో కొన్నింటిని గ్రద్ద, ముంగిస తీసికొనిపోవును. మిగిలినవానిని కొక్కెర తెగులు ఊడ్చుకొనిపోవును. చచ్చిన వాని స్థానమున మరల పొదుగవేయవలెను. ఈ చక్రములో పడి పెట్ట ఏడాదంతయు శ్రమించినను ఇంటివారు తినునది గాని, అమ్ముకొనునది గాని స్వల్పము.

కొక్కెర తెగులు గురించి మా అనుభవమొకటి చెప్పక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట సంక్రాంతికి ముందు ఒక గ్రామమునకు కోళ్ళ టీకాల ప్రచారమునకై వెళ్ళితిమి. రంగుల కరపత్రములు పంచితిమి, మైకులో చెప్పితిమి. ఒక తల్లి కరపత్రమును రెండు ప్రక్కల త్రిప్పి చూచి, మమ్ము తన దొడ్డిలోనికి తీసికొనిపోయి, బోర్లించిన ఖాళీ గంపలను చూపెను. ఆ వారములోనే ఆమెవి పదునెనిమిది కోళ్ళు చనిపోయినవి. పండుగకు కూతురును, అల్లుడిని పిలిచి కొత్త బట్టలు పెట్టుటకు ఆమె దాచుకొన్న ధనమదియే. "మందేదీ బాబూ?" అని అడిగెను. కరపత్రములు మా జీపు నిండ ఉన్నవి. టీకా మందు మాత్రము ఒక్క చుక్కయు లేదు. అది మొదలు, చేతిలో మందు లేని ప్రచారమునకు వెళ్ళుట మాకు సిగ్గుగా తోచుచున్నది.

ఆమెకు మందు అందకపోవుటకు కారణము వెదకగా మాకు తెలిసినది ఇది. టీకా మందు చిన్న సీసాలలో వచ్చును. ఒక్కొక్క సీసాలో నూరు మోతాదులో, అంతకు మించియో ఉండును. దానిని మంచుతో చల్లగా ఉంచి తేవలెను. ఒకసారి కలిపిన పిదప గంట రెండు గంటలలోగా వాడివేయవలెను, మిగిలినది పారబోయవలసినదే. ఆరు కోళ్ళున్న ఇంటికి ఎవరు సీసా విప్పుదురు? ఆరు కోళ్ళ ఇల్లాలు వచ్చి అడుగుటకు మొగమాటపడును. అడిగినను పని జరుగదు. పైగా పగటివేళ కోడి ఇంట ఉండదు. కాబట్టి ఇది ఒక ఇంటివారి వలన అగు పని కాదు, పంచాయతీ వలన అగు పని. ఫలానా దినమున తెల్లవారుజామున ఎవరును గూళ్ళు తెరువరాదని ముందునాడు దండోరా వేయించి, పశుసంవర్ధక సహాయకుని పిలిచి, వీధి వెంబడి ఒక్కొక్క గూటి వద్దకు నడచినచో రెండు గంటలలో ఊరంతయు ముగియును. పిల్లలకు మొదటి వారములో కంటిలోనో ముక్కులోనో చుక్క మందు, ఎనిమిది వారముల ప్రాయమున సూదిమందు. ఖర్చు అత్యల్పము. కావలసినది దినము నిర్ణయించు ఒకరు, అంతే. మీలో సగము మంది స్త్రీలు. కోడి సొమ్ము ఎవరి కొంగున ఉండునో మీకు మేము చెప్పనక్కరలేదు.

మేలుజాతి పక్షుల సంగతి పలువురు అడుగుచుందురు. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకమునకు వనరాజ, గ్రామప్రియ అను రకములను రూపొందించినది. గ్రామప్రియ పెట్ట పెరటిలో ఏడాదికి 150కి పైగా గ్రుడ్లు పెట్టగలదు. కాని అది పొదుగదు. పొదుగుటకు మన నాటు పెట్టయే కావలెను. కావున ఒకటి వచ్చినదని రెండవదానిని వదలుకొనవద్దు. మేలుజాతి పిల్లలకు ఆరు వారముల వరకు వెచ్చదనము, కాపలా ఉండవలెను. పొదుపు సంఘములోని ఒక సభ్యురాలు ఆ ఆరు వారములు పెంచి ఇతరులకు అమ్మినచో ఆమెకును లాభము, కొన్నవారికిని పిల్లలు దక్కును. మేతకు నూకలు, తవుడు, చోళ్ళు, గంటెలు మన యొద్ద ఉన్నవే. పాతకుండలో పేడయు, గడ్డియు కుక్కి, తడిపి, పుట్ట దాపున బోర్లించినచో తెల్లవారునప్పటికి చెదలు పట్టును. కోడిపిల్లకు అంతకు మించిన మేత లేదు.

ఒక చిన్న మాట. గ్రుడ్డు పెంకు గోధుమరంగున ఉన్నంత మాత్రమున అది నాటు గ్రుడ్డు కాదు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వచ్చును; బలమునకును రంగునకును సంబంధము లేదు. రంగు చూపి ఎక్కువ ధర అడుగువారు అంతటను ఉన్నారు. నాటు గ్రుడ్డునకు నిదర్శనము పెంకు కాదు, అది ఎవరి దొడ్డిలోనిదో తెలియుట.

పాల విషయమున మన స్థితి కొంత మెరుగు. 1946లో గుజరాతులోని కైరా జిల్లా రైతులు సహకార సంఘముగా ఏర్పడి చూపిన మార్గమే 1970 నుండి క్షీర విప్లవముగా దేశమంతట వ్యాపించినది. ఉత్తరాంధ్రలో విశాఖ డెయిరీ పేరు వినని పాడిరైతు ఉండడు. వెన్న శాతము కొలిచి సొమ్ము చెల్లించు పద్ధతి వచ్చిన తరువాత నీళ్ళు కలుపుట తగ్గినది. మా బాధ మరియొకటి. ఉదయము కేంద్రమునకు నాలుగు లీటర్ల పాలు పోసి వచ్చిన ఇంటిలో పిల్లవానికి నల్లని టీ ఇచ్చుట మేము పలుచోట్ల చూచితిమి. అర్థ లీటరు ఇంట ఉంచుకొనుటకు ఏ శాఖ అనుమతియు అక్కరలేదు.

ఊరిలోనే పాలు కొనువారు రెండు సంగతులు అడిగి తెలిసికొనవలెను. పశువు ఏమి మేయుచున్నది? దానికి ఇటీవల మందులేమైన వాడిరా? పొదుగువాపు మొదలగు వ్యాధులకు వాడు మందులు పాలలోనికి దిగును. వైద్యుడు చెప్పినన్ని దినములు గడచువరకు ఆ పాలు ఇంట వాడరాదు, అమ్మరాదు. రైతు దాచినచో పరీక్షాశాల లేని ఊరిలో ఎవరికిని తెలియదు. పొరుగువాడైనచో దాచుటకు మనసొప్పదు. దగ్గర నుండి కొనుటలోని మేలు అదియే. కోళ్ళ విషయమునను ఇట్టిదే జరిగినది. మనుషులకు ఇతర మందులు పనిచేయనప్పుడు చివరిగా వాడు కోలిస్టిన్ అను మందును ఫారములలో మేతలో కలుపుట ఎక్కువకాగా, 2019 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఆహారమునకు పెంచు జీవులకు దానిని వాడరాదని నిషేధించినది.

ఇంతవరకు చెప్పినవన్నియు సులభములు. కష్టమైన సంగతి మేత.

ఈ ప్రాంతపు నేల మీ అరచేయి వలె మీకు తెలియును. సముద్రము దాపున ఇసుక నేలలు, వానిలో సరుగుడు, జీడిమామిడి, కొబ్బరి. లోపలికి వచ్చిన కొలది గరువులు, వానాధారపు వేరుశనగ, గంటెలు, చోళ్ళు. చెరువుల క్రింద వరి. ఆవు, గేదె, గొర్రె, మేక ఇన్నాళ్ళు బ్రతికినది తోటల నీడను, కోసిన చేలలోను, గెడ్డల గట్ల మీదను, బందల చుట్టును, మేత బీళ్ళలోను. కోత యంత్రము వచ్చిన పిదప వరిగడ్డి పొలములోనే చిందరవందర యగుచున్నది. తోటలకు ముళ్ళతీగెలు వచ్చినవి. 2023 మే 3వ తేదీన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. గూడెపువలస, కవులవాడ, కంచేరు, సవరవిల్లి, రావాడ గ్రామముల భూములు, మొత్తము మీద రెండు వేల ఎకరములకు పైగా, అందులకు తీసికొనిరి. విమానాశ్రయము వలన ఈ ప్రాంతమునకు పని, వర్తకము, రాకపోకలు కలుగును; దానిని కాదనుట మా ఉద్దేశము కాదు. కాని సేకరణలో పోయిన భూమికి పరిహారమున్నది, పత్రమున్నది. దాని వెంబడి చుట్టుప్రక్కల ధరలు పెరిగినప్పుడు గట్టు జరిపి, రాయి పాతి కలుపుకొను బీడునకు పరిహారమును లేదు, అడుగువాడును లేడు. గొర్రెలవాడు ఒక ఉదయము మందను తోలుకొని వచ్చి కంచె చూచి వెనుకకు మరలును. అతడు ధర్నా చేయడు. మరునాడు రెండు గొర్రెలను అమ్మివేయును.

ఈ భూములు ఎవరివి? ఈ ప్రాంతము చిరకాలము జమీందారుల ఏలుబడిలో ఉండెను. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము పిమ్మట జరిగిన సెటిల్మెంటులో ప్రతి గ్రామమునకు ఫెయిర్ అడంగలు తయారైనది. మీ ఊరిలో మేత బీడు, బంద, దారి, శ్మశానము ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణమున ఉన్నవో అందు వ్రాసి ఉండును. దానిని మీలో ఎందరు చూచితిరి? మేము అనేక పంచాయతీలలో ఈ ప్రశ్న వేసితిమి; చేయి ఎత్తినవారు అరుదు. పటియాలా జిల్లాలోని ఒక గ్రామపు చెరువును కొందరు ఆక్రమించి ఇండ్లు కట్టుకొనగా, ఆ వివాదము సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది. జగ్‌పాల్ సింగ్ కేసు అనబడు దానిలో 2011 జనవరి 28న తీర్పు చెప్పుచు, గ్రామ సమష్టి భూములలోని ఆక్రమణలను తొలగించి గ్రామసభకో, పంచాయతీకో తిరిగి అప్పగించుటకు పథకములు సిద్ధపరచవలసినదని ఆ న్యాయస్థానము రాష్ట్రములన్నింటిని ఆదేశించినది. అంతటి తీర్పు మీ వెనుక ఉన్నది. కాని తీర్పు దానంతట అది బీడులోనికి నడచిరాదు. అడంగలు నకలు తీసికొని, సర్వేయరును పిలిచి, రాళ్ళు వేయించి, ఆ పటమును పంచాయతీ గోడ మీద వ్రాయించవలెను. ఆక్రమించినవాడు మనవాడే, ఒక్కొక్కప్పుడు మన వార్డువాడే కావచ్చును. అక్కడనే సభ్యుల ధైర్యము తెలియును.

బీడు దక్కిన తరువాత దానిని వదలివేసినచో ప్రయోజనము లేదు. కొంత భాగమును ఒక వానకాలము పశువులు త్రొక్కకుండ కాచి, గడ్డి గింజలు చల్లి, గట్ల మీద అవిశ, సుబాబుల్ నాటినచో మూడవ ఏట మేత వచ్చును. ఆ సంవత్సరము మేతకు ఇబ్బందిపడువారు మీ మీద కోపగించుదురు. ఎవరి పశువులకు ఎప్పుడు ఎక్కడ మేతయో గ్రామసభలో తేల్చి, పుస్తకములో వ్రాసికొనుట మేలు.

మాంసము సంగతి క్లుప్తముగ చెప్పెదము. గొర్రెల మంద మనకు మాంసమే గాక ఎరువును ఇచ్చును. ఒక రాత్రి మందను పొలమున నిలిపిన రైతు ఆ ఏడు ఎరువుల బస్తాలు తగ్గించుకొనును. కాని ఆదివారము రోడ్డు ప్రక్కన కోయు జీవమును ముందుగా చూచువారు లేరు. ప్రతి పంచాయతీకి ఒక గచ్చు దిమ్మె, నీటి కుళాయి, మురుగు పోవుటకు కాలువ, ఈగలు వాలకుండ తెర, ఇవి పెద్ద ఖర్చులు కావు. జీవము తన కాళ్ళ మీద నడచి రావలెను, నడువలేనిదానిని కోయనీయరాదు. కార్జములో జలగలు కనబడినచో ఆ కార్జమును పారవేసి, మంద యజమానికి చెప్పవలెను. బందల అంచున నత్తలున్నచోట మేసిన గొర్రెలకు అవి పట్టును, మందు త్రాగించిన తగ్గును. చచ్చిన జీవమును చౌకగా వచ్చినదని కోసి పంచుకొనుట ప్రాణాంతకము. దొమ్మ వ్యాధి మన్యములో మనుషులకు సోకినది ఆ విధముగనే. ముక్కు నుండి, మలద్వారము నుండి నల్లని రక్తము కారి చచ్చిన పశువును కోయరాదు, తోలు తీయరాదు. లోతుగా పాతి సున్నము చల్లవలెను. సందేహమున్నచో 1962 నంబరుకు ఫోను చేయుడు. మన జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉన్నది. అక్కడి వారిని ఒకసారి మీ గ్రామసభకు పిలుచుట మంచిది.

ఇవి పంచాయతీ పనులా అని ఒక మిత్రుడు చీటీ పంపినారు. 1993 ఏప్రిల్ 24న అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో ఇరువది తొమ్మిది అంశములు ఉన్నవి. నాలుగవది పశుసంవర్ధనము, పాడి, కోళ్ళ పెంపకము. పన్నెండవది వంటచెరకు, పశుగ్రాసము. ఇరువది రెండవది సంతలు, అంగళ్ళు. వీథి దీపము ఎంత మీ పనియో ఇవియు అంతే.

మరియొక చీటీలో, ఊరి సరకు ధర ఎక్కువ గదా, ఎవరు కొందురని ఉన్నది. ఎక్కువయే. నాటు గ్రుడ్డు ఫారము గ్రుడ్డంత చౌకగా ఎన్నటికిని రాదు. వచ్చునని చెప్పుట మోసము. కాని పల్లెలో ఇల్లాలికి ముట్టునదానికిని, పట్టణములో కొనువాడు ఇచ్చునదానికిని నడుమ చాల దూరమున్నది. ఆ దూరమున ఇద్దరు ముగ్గురు మారుబేరగాండ్రు నిలిచియున్నారు. రహదారి ప్రక్కన వారమునకు ఒక దినము, ఒకే చోట, నీడయు త్రాసును కల్పించి, అమ్మువారి పేరు, ఊరు పలక మీద వ్రాయించినచో కారులో పోవువాడు కూడ ఆగును. మొదటి నెల ఎవరును రాకపోవచ్చును. అప్పుడు మానివేయరాదు. దినము తప్పిన సంతకు మరల కొనుగోలుదారు రాడు.

ఇక హోటలు యజమాని ప్రశ్న. నాలుగు అట్టలనగా దినమునకు 120 గ్రుడ్లు, ఏడాదికి 43,800. నాటు పెట్టలతో ఇంత సమకూర్చుట కష్టము. ఎనిమిది వందల పెట్టలు కావలెను. గ్రామప్రియ వంటి పెట్టలైనచో దాదాపు మూడు వందలు, అనగా అరువది ఇండ్లలో అయిదేసి. నడివేసవిలో గ్రుడ్లు తగ్గును. ఆ రెండు నెలలు కొరతను బయటి నుండి తెచ్చుకొమ్మని అతనికి ముందుగనే చెప్పవలెను. తిరుగు ప్రయాణమున అతని హోటలు వద్ద మేము మరల ఆగెదము. పెట్టలు పెంచుటకు ఇష్టపడు ఇండ్ల పేర్లు వ్రాయుటకు ఈ బల్ల మీద కాగితము ఉంచితిమి. మొదటి టీకా దినమును కూడ ఆ కాగితము పైభాగముననే వ్రాయుడు.